పదకొండేళ్లకు పదకొండు గంటలు

“సంజాయిషీ అన్న మాటలో దీర్ఘం ఎగ్గొట్టారు,” అంది అత్తగారు, కాగితాన్ని కళ్లద్దాలకు ఆనించినంత దగ్గరగా పట్టుకుని. “ఒక మనిషిని నిలదీయడానికి పిలుస్తూ, ఆ పిలిచే ముక్కయినా సరిగ్గా రాయరా?”

ముప్ఫై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. శుభవార్తయినా చావు కబురైనా ఆవిడ కంటికి ముందు తప్పులే ఆనుతాయి.

కోడలు టీ గిన్నె కింద మంట తగ్గించింది. ఉత్తరం వచ్చి పావుగంట అయింది. ఆమె ఒకసారి చదివి, మడిచి, చక్కెర డబ్బా కింద పెట్టింది. అత్తగారికి చక్కెర కావలసి వచ్చింది.

“గురువారం ఉదయం పదకొండు గంటలకు విచారణ. అంతరిక్ష టెలిస్కోపు పని గంటల కేటాయింపులో నిబంధనల ఉల్లంఘన...” అలవాటు ప్రకారం ఒక్కో మాటా విడదీసి చదువుతూ వచ్చిన ఆవిడ గొంతు చటుక్కున ఆగింది. “ఫిర్యాదు చేసినవారు...”

ఆ గడిలో ఉన్నది ఆవిడ కన్నకొడుకు పేరు.

అతను అప్పుడే చొక్కా గుండీలు పెట్టుకుంటూ వంటగది గుమ్మం దాకా వచ్చాడు. తల్లి చేతిలో కాగితం చూశాడు. వెనక్కి తిరగబోయాడు.

“ఆగరా. ఇదేంటి?”

“చదివావుగా.”

“పెళ్లాం మీద ఫిర్యాదా?”

“పెళ్లాం మీద కాదు. షెడ్యూలు జాబితా మీద సంతకం పెట్టిన అధికారి మీద. ఆ అధికారి మనింట్లోనే ఉంటే నేనేం చెయ్యను?”

భార్య మంట ఆపేసింది. తొమ్మిది రోజులయింది అతని గొంతు ఈ వంటగదిలో వినబడి. “సంతోషం. నోరు విప్పారు. రాసే ముందు నాతో ఒక్క మాట అనొచ్చుగా?”

“మీరు నాతో ఒక్క మాట అని సంతకం పెట్టారా?”

మీరు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో అతను ఆమెను ఎప్పుడూ అలా పిలవలేదు. ఇంటికి వచ్చిన కొత్త మనిషికి కుర్చీ చూపించినట్టు పిలిచాడు.

“అడిగి ఉంటే మీరు ఒప్పుకునేవారా?” అంది ఆమె.

“ఒప్పుకోను. అందుకే మీరు అడగలేదు. అదే కదా నేను రాసింది.”

ఆఫీసులో అతన్ని వెనకాల ‘పదకొండేళ్లాయన’ అంటారు. ఎదురుగా కూడా అనేవారు, అప్పట్లో అతనూ నవ్వేవాడు. ఎక్కడో దూరాన ఉన్న ఒక నక్షత్రం, దాని చుట్టూ పదకొండేళ్లకోసారి తిరిగొచ్చే ఒక గ్రహం. అది నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు పదకొండు గంటల పాటు వెలుగు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గిన వెలుగులోనే ఆ గ్రహం మీద గాలి ఉందో లేదో, ఉంటే అందులో ఏముందో చదవాలి. ఇదివరకు రెండుసార్లు అది దాటిన జాడ పాత ఉపగ్రహాల చిట్టాల్లో అతనే పట్టుకున్నాడు. మూడోసారి దాటడం పోయిన నెలలో. ఈసారి తప్పితే మళ్లీ అతనికి యాభై తొమ్మిదేళ్లు వచ్చాక.

ఆ వారంలోనే టెలిస్కోపును తిప్పి నిలబెట్టే చక్రాల్లో ఒకటి మొరాయించింది. ఉన్న గంటల్లో సగం పోయాయి. మూడు విన్నపాలు మిగిలాయి, ఒక్కదానికే చోటు. జాబితా ఆమె బల్ల మీదికి వచ్చింది. దాని కింద సంతకం ఎవరిదో అతనికి తెలిసింది తొమ్మిది రోజుల కిందట.

“చక్రం నేను విరగ్గొట్టలేదు,” అంది ఆమె. “అవతల శోధక నౌక వాళ్లు. పధ్నాలుగేళ్ల ప్రయాణం చేసి ఆ నౌక సూర్యకుటుంబం అంచున ఉన్న మంచు గోళం దగ్గరికొచ్చింది. దారిలో దుమ్ము ఉందో లేదో ముందే చూసి చెప్పకపోతే దారి మళ్లించడానికి వ్యవధి లేదు. అప్పటికి నాలుగు రోజులే ఉన్నాయి. మీరే నా కుర్చీలో ఉంటే ఏం చేసేవారు?”

“చూశారుగా. ఏం దొరికింది? దుమ్ము కాదు కదా, ధూళి రేణువు లేదు. కొండని తవ్వి ఎలకని పట్టారంటారు. ఇక్కడ ఎలక కూడా లేదు.”

“ఏమీ లేదని తెలియడమే వాళ్లకి కావలసింది.”

“మూడు వందల మంది వాళ్లు. నేనొక్కణ్ణి. తూకం బాగానే వేశారు.” అతను చివరి గుండీ పెట్టుకున్నాడు. “సరే, నౌకకే ఇవ్వాలి. ఒప్పుకుందాం. కానీ ఆ మాట ఇంకొకళ్లు చెప్పాలి. మొగుడి విన్నపం ఉన్న జాబితాని పెళ్లాం తూచకూడదు. ఆ కాగితం పక్కబల్లకి నెట్టడానికి ఎంతసేపు పడుతుంది? కంచే చేను మేస్తే చేను ఎవరితో చెప్పుకోవాలి?”

ఆమె పొయ్యి వైపు తిరిగింది. నాలుగు గంటల్లో తేల్చమన్నారు, పక్కబల్ల మనిషి సెలవులో ఉన్నాడు, నిజమే. కానీ పైవాళ్లకు ఒక్క ఫోను చేసి ఉండొచ్చు. చెయ్యలేదు. నా మొగుడైనా సరే, నేను న్యాయంగానే చూడగలను అనుకుంది. ఆ ఒక్క మాట అనుకున్నందుకు ఇప్పుడు గోరుచుట్టు మీద రోకటి పోటులా ఈ ఉత్తరం.

“ఆ పదకొండు గంటల కోసం ఏమేం వాయిదా వేశామో నీకు తెలుసు,” అన్నాడు అతను. కోపంలో ‘మీరు’ జారిపోయింది. “ఊరు మారే అవకాశం వచ్చినా మారలేదు. పిల్లల సంగతి కూడా గ్రహం దాటాకే చూద్దామన్నాం.”

“అన్నాం కాదు. అన్నారు.”

అత్తగారు గిన్నెలోంచి టీ మూడు గ్లాసుల్లో పోసింది. “ఎవరైనా తాగుతారా, లేకపోతే దీన్ని కూడా విచారణకి పంపుదామా?”

అతను తాగకుండానే వెళ్లిపోయాడు. బయటి తలుపు నెమ్మదిగా, శబ్దం రాకుండా వేసుకున్నాడు. దబాలున వేసినా బాగుండేదనిపించింది ఆమెకు.

*

మధ్యాహ్నం మూడో అంతస్తు నుంచి ఫోను వచ్చింది. “ఒకసారి పైకి రా. ఒక్కదానివే రా.”

పిలిచింది డేటా అక్క. ఉపగ్రహాల నుంచి దిగే అంకెలన్నీ ముందుగా ఆవిడ గదికే చేరతాయి. డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర మనిషి దాకా అందరికీ అక్కే. ఆ గదిలో యంత్రాల కోసం ఎప్పుడూ చలి. ఆవిడ స్వెట్టరు మీద శాలువా, శాలువా మీద ఇంకో శాలువా కప్పుకుని ఉల్లిగడ్డలా కూచుని ఉంటుంది.

“తలుపు వెయ్. కూచో. టీ తాగావా?”

“పొద్దున్నించీ ఎవరం తాగలేదక్కా.”

“ఉత్తరం సంగతి విన్నాను. ఇది చూడు.”

తెర మీద ఒక గీత. చుక్కలు చుక్కలుగా సాగి, ఒకచోట మెత్తగా కిందికి దిగి, కొంతదూరం అడుగునే నడిచి, మళ్లీ పైకి లేచింది. చూడగానే ఆమె ఆ ఆకారాన్ని గుర్తుపట్టింది. తొమ్మిదేళ్లుగా పడకగది గోడకు అంటించి ఉన్న బొమ్మ అదే.

“ఇదెక్కడిది?”

“ఆ చిన్న ఉపగ్రహం ఉంది చూడు, నెలకో ముక్క చొప్పున ఆకాశం చూసుకుంటూ పోయేది. ఆ వారం అది వేరే పక్కకి చూస్తోందని కదా మనందరం అనుకున్నది. చంద్రుడి వెలుగు అడ్డొస్తోందని రెండు రోజుల ముందే ఇటు తిప్పేశారట. మీ ఆయన నక్షత్రం కూడా అందులో పడింది. చిన్న కన్ను, గాలీ గీలీ ఏం చదవలేదు. కానీ గుంట మాత్రం పడింది.”

“అయితే దాటిందన్నమాట!” ఆమె ముందుకు వంగింది. “ఆయన చెప్పినట్టే...”

“తారీకు చూడు.”

చూసింది. గుంట పదిహేడో తారీకున ఉంది.

భర్త అడిగిన గంటలు పద్దెనిమిదో తారీకువి. పద్దెనిమిదిన గీత బల్లపరుపుగా ఉంది. ఇస్త్రీ చేసిన దుప్పటిలా.

“ఒక రోజు,” అంది డేటా అక్క. “నువ్వు ఆ గంటలు ఆయనకే ఇచ్చి ఉన్నా, టెలిస్కోపు ఖాళీ నక్షత్రాన్ని చూస్తూ కూచునేది. నాకూ నమ్మకం కుదరక పాత చిట్టా తీశాను. పదకొండేళ్ల కిందటి ఉపగ్రహం ఉంది కదా, వాళ్లు తమ రోజుల లెక్క అర్ధరాత్రి నుంచి మొదలుపెట్టారు. మనవాళ్లందరికీ రోజు మధ్యాహ్నం నుంచి లెక్కించే అలవాటు. మీ ఆయన అలాగే అనుకున్నాడు. అక్కడ అర రోజు పక్కకి జరిగింది. దాని మీద నిలబడి ముందుకి కొలిచేసరికి రెట్టింపై కూచుంది. అంతే. ఎవరైనా చేసే తప్పే.”

ఎవరైనా చేసే తప్పు. కానీ పదకొండేళ్లు ఎవరూ చూడని తప్పు.

“ఎవరెవరికి తెలుసు?”

“నాకు, ఇప్పుడు నీకు. ఇది అందరికీ బయటపెట్టేది ఇంకో ఆరు వారాలకి. నీకు అచ్చు తీసి ఇస్తాను. గురువారం వాళ్ల ముందు పెట్టు. అర నిమిషంలో నీ విచారణ అయిపోతుంది.”

“ఆయనది కూడా అయిపోతుంది.”

డేటా అక్క శాలువా సర్దుకుంది. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు. ఈ నెలాఖరుతో అతని పదవి కాలం ముగుస్తుంది. పొడిగింపు దరఖాస్తు పైన ఉంది. అన్యాయంగా గంటలు పోగొట్టుకున్న మనిషని అందరూ అయ్యో అంటున్నారు. ఆ అయ్యో ఒక్కటే ఇప్పుడతనికి ఆధారం. లెక్కే తప్పని తెలిస్తే అయ్యో అన్న నోళ్లే నవ్వుతాయి.

“నువ్వు అడకత్తెరలో పోకచెక్కవి అయిపోయావే,” అంది డేటా అక్క. అచ్చు తీసిన కాగితం చేతిలో పెట్టింది. “తీసుకెళ్లు. చించినా, చూపించినా నీ ఇష్టం. నేను మాత్రం ఎవరికీ చెప్పను.”

*

ఇంటికొచ్చి సంచి భోజనాల బల్ల మీద పెట్టి ఆమె ముఖం కడుక్కోవడానికి వెళ్లింది. నీళ్లు చాలాసేపు కొట్టుకుంది. తువ్వాలుతో బయటికి వచ్చేసరికి అత్తగారు బల్ల దగ్గర కూచుని ఉంది. ఎదురుగా రెండు కాగితాలు, పక్కపక్కనే, అంచులు కలిపి పెట్టి ఉన్నాయి.

“విచారణ ఎక్కడో, ఏ గదిలోనో చూద్దామని సంచి తీశాను,” అంది ఆవిడ. “నేనూ వద్దామనుకున్నాలే. బయట కూచుంటాను, తోడుగా ఉంటుందని.”

ఆమె తువ్వాలు కుర్చీ మీద వేసింది.

“ఇందులో గీతలు నాకేం తెలియవు. కింద అచ్చు చదివాను. ఇది విచారణ కోసం నువ్వు తెచ్చుకున్న వాడి విన్నపం, పద్దెనిమిది అని ఉంది. ఇది ఇవాళ్టి కాగితం, పదిహేడు అని ఉంది.” ఆవిడ వేలు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి నడిచింది. “నక్షత్రం ఒకటే. గుంట ఒకటే. రెండు తారీకుల్లో ఒకటి తప్పు. ఏది?”

“అత్తయ్యా, అవి ఇలా ఇవ్వండి.”

“ఏది తప్పమ్మా?”

ఆమె కాగితాల కోసం చెయ్యి చాచింది. ఆవిడ ఇంకాసేపు చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

“వాడిదా?”

పక్కింటి కొళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. నిండింది. ఎవరో కొళాయి కట్టేశారు.

“అంటే నువ్వు తీసేసినా, తియ్యకపోయినా ఒకటే.”

“ఒకటే.”

“నీ తప్పేం లేదు.”

“ఆయన అన్నదాంట్లో నా తప్పు నాకుంది. గంటలు మాత్రం నా వల్ల పోలేదు.”

తొమ్మిది రోజులుగా అత్తగారు కోడలి పక్షమే. కొడుకు భోజనానికి రానన్నప్పుడల్లా, ‘అలిగినవాడి ఆకలి వాడికే’ అని కోడలికి వడ్డించిన మనిషి. ఇప్పుడు ఆవిడ లేచి వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

“వాడికి చెప్పకమ్మా.”

ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు.

“చిన్నప్పుడు పరీక్షలో ఒక్క లెక్క తప్పిందని రెండు రోజులు అన్నం మానేసినవాడు వాడు. ఉద్యోగం పోయినా తట్టుకుంటాడేమో. ఇది తట్టుకోలేడు. పదకొండేళ్లు వాడు గుడ్డివాడిలా తన తప్పు చుట్టూనే తిరిగాడని తెలిస్తే... నువ్వు చిన్నదానివి. ఇంకో కుర్చీ దొరుకుతుంది నీకు.”

“నేను చెప్పదలచుకోలేదు అత్తయ్యా,” అంది ఆమె. “మెట్లు ఎక్కుతూనే అనుకున్నాను, చెప్పకూడదని. కానీ మీరు అడక్కుండా ఉండాల్సింది.”

“తల్లిని.”

“తెలుసు. అందుకే అంటున్నాను.”

ఆవిడ చేతులు వదిలేసింది. తర్వాత ఆవిడే కాగితాలు మడిచి, సంచిలో పెట్టి, సంచి మేకుకు తగిలించింది. ఎంతోమంది రాతల్లో తప్పులకు ఎర్ర సిరా చుట్టిన చెయ్యి అది. తగిలించాక కూడా కాసేపు ఆ సంచి మీదే ఉండిపోయింది.

*

విచారణ గదిలో పొడుగు బల్ల, నీళ్ల సీసాలు, ముగ్గురు పెద్దలు. నడిమి కుర్చీలో సంఘం అధ్యక్షురాలు, తలంతా నెరిసిన మనిషి. బల్లకు ఆ చివర భర్త. నాలుగు రోజుల గడ్డం. వెనక వరుసలో డేటా అక్క, ఇవాళ ఒక్క శాలువాతో.

“ఫిర్యాదీ విన్నపం మళ్లీ పదకొండేళ్ల దాకా కుదరదని మీకు తెలుసా?”

“తెలుసు.”

“ఆయన మీ భర్త అని జాబితాలో ఎక్కడైనా రాశారా?”

“లేదు.”

“నిర్ణయం పైవాళ్లకి వదిలేసి ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటున్నారా?”

“అనుకుంటున్నాను. నౌకకి ఇవ్వడం తప్పు కాదు. నేను ఇవ్వడం తప్పు. అది అప్పుడే తెలియాల్సింది.”

అధ్యక్షురాలు కలం కింద పెట్టింది. ఇలాంటి గదుల్లో జనం వాదిస్తారు, ఏడుస్తారు, కాగితాలు విసురుతారు. ఇంత తేలిగ్గా ఎవరూ తల వంచరు. “మీ తరఫున చూపించవలసిన ఆధారాలు ఏమైనా ఉన్నాయా? తొందరేం లేదు.”

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. ఆమె తల తిప్పి చూసింది. డేటా అక్క సగం లేచి ఉంది. ఆమె చూపు చూసి, మళ్లీ కూచుంది.

“ఏమీ లేవు.”

ఇరవై నిమిషాల్లో తేల్చేశారు. సోమవారం నుంచి ఆమె షెడ్యూలు విభాగంలో ఉండదు. పాత చిట్టాలకు చీటీలు అంటించే గదికి బదిలీ. ఇక ముందు ఎక్కడా సంతకం చేసే అధికారం ఉండదు. ఫిర్యాదీకి జరిగిన నష్టం దృష్ట్యా అతని పొడిగింపును సానుభూతితో పరిశీలించాలని సిఫారసు.

పన్నెండేళ్ల పని. నీళ్ల సీసా మూత కూడా ఎవరూ తియ్యకముందే అయిపోయింది.

గెలిచిన మనిషి ముఖం ఎలా ఉంటుందో చూద్దామని ఆమె బల్ల చివరకు చూసింది. అతను తన చేతులు చూసుకుంటున్నాడు.

*

మధ్యాహ్నం ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూచున్నారు. పదకొండు రోజుల తర్వాత అతను బల్ల దగ్గరికి రావడం ఇదే.

“ఒక్క మాట ఎందుకు అనలేదు?” అన్నాడు. “పోట్లాడతావనుకున్నాను. నేను రాత్రంతా నీ ప్రశ్నలకి జవాబులు తయారు చేసుకుని వచ్చాను.”

“మీరన్నది నిజమే కాబట్టి.”

అతను పళ్లెం కాస్త పక్కకు జరిపాడు. “చీటీల గదికి పంపిస్తారని నేననుకోలేదు. మందలిస్తారు, వదిలేస్తారనుకున్నాను. నిజం. అధ్యక్షురాలితో మాట్లాడతాను.” ఆగాడు. తర్వాత, ఇన్ని రోజులూ ఎక్కడో దాచుకున్న గొంతుతో అన్నాడు: “నీకొకటి చెప్పనా? ఇవాళ పొద్దున్నే తెలిసింది. ఆ చిన్న ఉపగ్రహం రెండు రోజుల ముందే మన వైపుకి తిరిగిందట!”

అత్తగారి చేతిలో గరిటె ఆగింది.

“నాతో చదువుకున్నవాడు అక్కడ పనిచేస్తున్నాడు. వాణ్ణి బతిమాలాను. బయటికి ఇవ్వకూడదు, అయినా ఇస్తానన్నాడు. ఈపాటికి పంపి ఉంటాడు. గాలి సంగతి తెలియకపోవచ్చు. కానీ గుంట పడుతుంది! నేను చెప్పిన రోజున, చెప్పిన గంటకి పడిందని లోకానికి చూపించొచ్చు. మొత్తం పోలేదు. సగం దక్కింది.”

అతని కళ్లు వెలుగుతున్నాయి. పెళ్లికి ముందు, మొదటిసారి ఆ గ్రహం గురించి చెప్పినప్పుడు ఆమె చూసిన ముఖం ఇదే. ఆ ముఖాన్ని చూసే ఆమె ఈ ఇంటికి వచ్చింది.

“ముందు తినరా,” అంది తల్లి.

“తింటాలే.” అతను కంప్యూటరు తెచ్చి పళ్లెం పక్కనే పెట్టాడు. “రా, కూచో. ఇద్దరం చూద్దాం. నీ మీద కోపం ఉంది, లేదనను. కానీ ఇది నువ్వు లేకుండా చూడలేను.”

“ఇవాళ వద్దండీ.”

“ఎందుకు?”

“రేపు చూద్దాం.”

“పదకొండేళ్లు ఆగాను. ఇంకా రేపా?” నవ్వాడు. తెరిచాడు.

ఆమె పక్కన కూచుంది. ఇంకేం చెయ్యాలో తోచలేదు. చుక్కలు తెర మీద ఒక్కొక్కటే పేరుకున్నాయి. అతను నేరుగా పద్దెనిమిదో తారీకుకు వెళ్లాడు. బల్లపరుపు. దగ్గరగా లాగి చూశాడు. బల్లపరుపే.

“వేరే నక్షత్రం పంపినట్టున్నాడు,” అన్నాడు. సంఖ్య సరిచూశాడు. అదే నక్షత్రం.

వెనక్కి జరిపాడు. గుంట కనబడింది.

అతను గది మూలకు వెళ్లి పాత నోటుపుస్తకం తెచ్చాడు. ఒక పేజీ తీశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు, చిన్నపిల్లాడిలా, పెదవులు కదుపుతూ. ఎంతోసేపు పట్టలేదు. తప్పు ఎక్కడుందో వెతికితే దొరక్కపోయేంత తెలివితక్కువ మనిషి కాదు అతను.

“మధ్యాహ్నం అనుకున్నాను,” అన్నాడు చివరికి. “వాళ్లది అర్ధరాత్రి నుంచి.”

తల్లి గరిటె గిన్నెలో వదిలేసింది. అతను ఆ చప్పుడుకు తలెత్తాడు. తల్లి ముఖం చూశాడు. భార్య ముఖం చూశాడు. రెండు ముఖాల్లోనూ ఆశ్చర్యం లేదు.

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?”

“మంగళవారం నుంచి.”

“అమ్మకి?”

“నేనే చెప్పొద్దన్నాను నాన్నా,” అంది తల్లి. “దాన్ని ఏమీ అనకు. నేనే చేతులు పట్టుకుని అడిగాను.”

“ఇల్లంతటికీ తెలుసు. నాకు తప్ప.” అతను నోటుపుస్తకం మూశాడు. “ఇవాళ ఆ గదిలో నీ సంచిలో ఈ కాగితం ఉందా?”

“ఇంట్లో పెట్టి వచ్చాను.”

“నేను అక్కడ కూచుని, జరిగిన నష్టం, జరిగిన నష్టం అంటుంటే నువ్వు వింటూ కూచున్నావు.”

“మీ పొడిగింపు పోతుందని...”

“పోనీ!” ఆ ఒక్క మాటే అతను గట్టిగా అన్నాడు. తర్వాత గొంతు తగ్గిపోయింది. “గంటలు తీసేసినందుకు కోపం వచ్చింది. ఆ కోపం ఎప్పటికైనా పోయేది. మనిషి మీద మనిషికి వచ్చే కోపమే కదా. కానీ నువ్వు నా మీద జాలి పడ్డావు చూడు. రెండు రోజులు నా ఎదురుగా తిరుగుతూ, నాకు తెలియకుండా, జబ్బు మనిషిని చూసినట్టు చూశావు. దాన్ని ఏం చేసుకోను?”

ఆమె నోటుపుస్తకం తన వైపుకి లాక్కుంది. “మీరే అయితే చెప్పేవారా?”

“తెలియదు. చెప్పేవాణ్ణేమో. పోట్లాడుకునేవాళ్లం.” ముఖం అరచేతులతో రుద్దుకున్నాడు. “రేపే సంఘానికి రాస్తాను, లెక్క నాదే తప్పని. నీ కుర్చీ నీకు ఇస్తారో ఇవ్వరో. నాది ఎలాగూ పోయింది.”

తల్లి ఏదో అనబోయింది. అతను చెయ్యి ఎత్తి ఆపాడు. చాలాసేపు ఆ తెర మీద గుంటనే చూశాడు. ఎంత నీటుగా పడిందో. పదకొండేళ్లు కలగన్నది, అచ్చం అతను గీసుకున్నట్టే పడింది. ఒక్క రోజు ముందు.

“ఒక్కటి అడుగుతాను,” అన్నాడు భార్య వైపు చూడకుండా. “జాలి లేకుండా చెప్పు. ఆ రోజు మూడు విన్నపాల్లోంచి నన్ను తీసేసినప్పుడు, నేను రాసిన తారీకు నిజమని నమ్మే తీసేశావా? లేక నా లెక్క మీద నీకు నమ్మకం లేకా?”

నమ్మి తీసేశానంటే, మొగుడి పదకొండేళ్లనూ తెలిసి తెలిసి నీళ్లలో వదిలిన మనిషి అవుతుంది. నమ్మలేదంటే, ఈ తొమ్మిదేళ్లూ ఇంట్లో అతని పక్కన కూచుని అతన్ని ఎన్నడూ నమ్మని మనిషి అవుతుంది.

ఆ రోజు అతని విన్నపం చదువుతూ, రోజుల లెక్క ఉన్న పట్టిక దగ్గర ఆమె వేలు ఒక్క క్షణం ఆగింది. అంతవరకు నిజం. ఎందుకు ఆగిందో ఆమె చూసుకోలేదు. ఫోను మోగింది. పేజీ తిప్పేసింది.

“చెప్పు,” అన్నాడతను. ఈసారి ఆమె కళ్లలోకి చూశాడు.

ఆమె నోరు తెరిచింది. ఏ మాట బయటికి వస్తుందో ఆమెకే తెలియదు.